అటక మీద స్పెక్ట్రమ్ క్యాసెట్లు దొరికాయి, ఆ ఆటలు మళ్లీ ఆడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సీతమ్మధార సందు:
అందరికీ నమస్కారం. ఇంటికి రంగులు వేయిస్తున్నాం కదా అని అటక ఖాళీ చేస్తే మా మేనమామ 1985లో తెచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్ అనే ఇంటి కంప్యూటర్ బయటపడింది. మామూలు టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి దాంట్లోకి ఆటలు ఎక్కించేవాళ్లం. ఆయన ఓడల మీద పనిచేసేవారు, ఇంగ్లండ్ నుంచి తెచ్చారు. కంప్యూటర్ ఉంది, అడాప్టర్ లేదు, క్యాసెట్లు ఓ డజను దాకా ఉన్నాయి. కొన్నింటి మీద మానిక్ మైనర్, జెట్‌ప్యాక్ అని అన్నయ్య చేతిరాత. ఒకదాని మీద మాత్రం "ఘంటసాల భక్తి గీతాలు" అని ఉంది. దాని రెండో వైపు పాటలు చెరిపేసి కంప్యూటర్ ప్రోగ్రామ్ ఎక్కించాడని నాన్నగారు అన్నయ్యని వీధి చివరిదాకా తరిమారు. అది వేరే కథ.

ఆటకన్నా ఆ లోడింగే నాకు ఎక్కువ గుర్తుంది. టేప్ రికార్డర్ కీచుమంటుంటే టీవీ అంచుల్లో ఎరుపు, నీలం చారలు పరిగెత్తేవి. వైరు కదులుతుందని అమ్మని కూడా ఆ గదిలో నడవనిచ్చేవాళ్లం కాదు. నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటే సరిగ్గా చివర్లో కరెంటు పోయేది.

నా సందేహాలు: హుద్‌హుద్ తుఫానులో అటక మీదికి నీళ్లు దిగాయి, ఇప్పుడు కొన్ని రీళ్ల మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. ఇవి పనికొస్తాయా? ఇంట్లో ఉన్న రౌటర్ అడాప్టర్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసి చూడొచ్చా? మా అబ్బాయి ఫోన్‌లో వాయిస్ రికార్డర్‌తో క్యాసెట్లన్నీ రికార్డ్ చేసేస్తానంటున్నాడు, చేయనివ్వొచ్చా?

ఎంవీపీ మూడో సెక్టార్:
ఇంత కష్టం ఎందుకండీ. ఆ ఆటలన్నీ నెట్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌లా నటించే యాప్) వేసుకుంటే పది నిమిషాల్లో ఆడుకోవచ్చు. క్యాసెట్లు పారేయండి, బూజు పట్టినవి ఇంట్లో ఉంటే పిల్లలకి దగ్గులు.

గాజువాక రేడియో:
పారేయకండి బాబూ, ఆగండి.

మూడో సెక్టార్ వారు చెప్పింది సగం నిజమే. మానిక్ మైనర్, జెట్‌ప్యాక్ రెండూ 1983లో వచ్చాయి, లక్షల మంది ఆడారు, కాపీలు భద్రంగానే ఉన్నాయి. వాటి కోసం మీ క్యాసెట్లు అక్కర్లేదు. కానీ ఘంటసాల క్యాసెట్ రెండో వైపు ఉన్నది ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేకపోవచ్చు. కొన్న ఆట దాని సొంత క్యాసెట్‌లోనే వచ్చేది. ఇంట్లో పాటల క్యాసెట్ చెరిపి ఎక్కించారంటే అది ఎవరి ఆటకో కాపీ అయినా అయ్యుండాలి, లేదా మీ అన్నయ్య బేసిక్ అనే కంప్యూటర్ భాషలో సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ అయినా అయ్యుండాలి. రెండోదైతే పోయిందంటే పోయినట్టే. అందుకే ముందు టేపులు, ఆ తర్వాతే కంప్యూటర్.

బూజు సంగతి. బూజు ఉన్న క్యాసెట్‌ని దేంట్లోనూ పెట్టి తిప్పకండి. ఆ బూజు హెడ్‌కి, అంటే టేప్ రికార్డర్‌లో రీలుని చదివే ముక్కకి, అంటుకుంటే తర్వాత పెట్టే మంచి క్యాసెట్ కూడా పాడవుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి క్యాసెట్లని కొన్నాళ్లు అలా వదిలేయండి. ఎండలో మాత్రం పెట్టొద్దు. మన సముద్రపు గాలికి ఎండే మందు అనిపిస్తుంది కానీ వేడికి రీలు వంకరపోతుంది. ఎండాక తెల్లపొర ఉన్నవి వేరుచేయండి. నాలుగు మూలలా, మధ్యలో స్క్రూలు ఉన్న క్యాసెట్ అయితే విప్పొచ్చు. రీలు చుట్టల అంచు మీద ఇయర్ బడ్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడవాలి. ముక్కుకి మాస్క్ తప్పనిసరి. స్క్రూలు లేకుండా అంటించేసిన రకమైతే అనుభవం ఉన్న మేస్త్రీకి ఇవ్వండి.

విప్పినప్పుడు ఇంకోటి చూడండి. హెడ్ ఆనే చోట రీలు వెనక సన్నటి రాగి రేకు, దాని మీద చిన్న స్పంజి ముక్క ఉంటుంది. పాత క్యాసెట్లలో అది ఊడి లోపలే ఎక్కడో పడి ఉంటుంది. అది లేకపోతే రీలు హెడ్‌కి గట్టిగా ఆనదు. పాటలైతే కాస్త మందంగా వినిపిస్తాయి, ప్రోగ్రామ్ అయితే అసలు ఎక్కదు. పనికిరాని పాటల క్యాసెట్ ఏదైనా ఉంటే దాని రేకు తీసి ఇందులో పెట్టేయొచ్చు. తర్వాత నటరాజ్ పెన్సిల్ పెట్టి చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి తిప్పండి. ఎక్కడైనా అంటుకుందేమో వేలికే తెలుస్తుంది.

ఇక వాయిస్ రికార్డర్ వద్దు. ఫ్యాన్ చప్పుడు, కుక్కర్ విజిల్ అన్నీ కలుస్తాయి. పైగా ఆ యాప్‌లు మాట స్పష్టంగా వినిపించాలని శబ్దాన్ని దిద్దుతాయి. స్పెక్ట్రమ్ విషయంలో సున్నా, ఒకటి అనేవి అలల పొడవులో తేడా మాత్రమే. సున్నా సుమారు 2,000 హెర్ట్జ్, ఒకటి సుమారు 1,000. ఆ అల అంచు జరిగితే మొత్తం పోతుంది. కాబట్టి టేప్ డెక్ నుంచి గానీ వాక్‌మన్ నుంచి గానీ ఇయర్‌ఫోన్ వైరు నేరుగా కంప్యూటర్ లైన్ ఇన్‌కి పెట్టండి. రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, అందులో మోనో, 44,100 హెర్ట్జ్, వేవ్ ఫైల్. ఎంపీ3 వద్దు, నాయిస్ రిడక్షన్ వద్దు, డెక్‌లో డాల్బీ (టేప్ బుసని తగ్గించే ఏర్పాటు) ఉంటే ఆపేయండి. లెవెల్ మీటర్ ఎరుపులోకి వెళ్లకూడదు.

మహారాణిపేట టీచర్:
గాజువాక వారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. కీచుమన్న ప్రతి క్యాసెట్టూ స్పెక్ట్రమ్‌ది కాకపోవచ్చు. 1984-85లో కేంద్రం క్లాస్ అనే పథకం కింద బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. అవి ఉన్న బడుల్లో చదివిన పిల్లలు ఆ ప్రోగ్రామ్‌లు క్యాసెట్లలో ఇంటికి తెచ్చుకునేవాళ్లు.

చెవితో తేడా పట్టొచ్చు. స్పెక్ట్రమ్ అయితే ఐదు సెకన్లు ఒకే పలచటి కూత, చిన్న బుర్రుమనే ముక్క, మళ్లీ కాసేపు కూత, ఆ తర్వాత ఆగకుండా నిమిషాల తరబడి గరగర. బీబీసీ అయితే సరుకుని 256 బైట్ల ముక్కలుగా కోసి రాస్తుంది కాబట్టి గరగర, చిన్న కూత, గరగర, చిన్న కూత అని తెగుతూ వస్తుంది. రెండోది వినిపిస్తే దానికి వేరే ఎమ్యులేటర్ కావాలి. స్పెక్ట్రమ్‌లో ఎంతసేపు పెట్టినా పేరు కూడా చూపించదు.

ఉక్కునగరం 386:
మాకు ఈ క్యాసెట్ల గొడవ లేదు మాస్టారూ, ఫ్లాపీల బ్యాచ్ మాది. ప్రిన్స్, డేవ్, పారాట్రూపర్ ఆటలు. కానీ కరెంటు గురించి ఒక మాట చెప్పాలి. ఆ రౌటర్ అడాప్టర్ దయచేసి పెట్టకండి. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు కావాలి, కానీ పిన్నులో మధ్యన నెగెటివ్, బయట పాజిటివ్. మన ఇళ్లలో ఉండే అడాప్టర్లు దాదాపు అన్నీ దీనికి తిరగబడి ఉంటాయి. పిన్ను చక్కగా దూరిపోతుంది, అదే ప్రమాదం. 1.4 ఆంపియర్లు ఇవ్వగలది, మధ్య నెగెటివ్ ఉన్నది తెప్పించుకుని మల్టీమీటర్‌తో చూశాకే పెట్టండి.

మూడో సెక్టార్ అన్నా, ఫోన్‌లో టచ్ బటన్లతో మానిక్ మైనర్ ఆడి చూశావా నువ్వు? రెండో గదికి వెళ్లి చూపించు.

ఎంవీపీ మూడో సెక్టార్:
ఆడలేదు 😀 మాది మారియో బ్యాచ్. సరే, పారేయొద్దు, ఒప్పుకున్నా.

గాజువాక రేడియో:
386 గారు చెప్పింది అక్షరాలా పాటించండి. అడాప్టర్ వచ్చాక కూడా తొందర వద్దు. ఇన్నేళ్లు నిలవ ఉన్న కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, ముందు అవి మార్పించండి. లోపల 4116 అనే మెమరీ చిప్పులు ఉంటాయి, వాటికి మైనస్ 5 వోల్టులు అందకపోతే కాలిపోతాయి. కీబోర్డ్ కింద ఉండే ప్లాస్టిక్ పొర పట్టీలు కూడా పెళుసుబారి ఉంటాయి. కవర్ తెరిచేటప్పుడు లాగారంటే పుటుక్కుమంటాయి. ఆ పొరలు ఇప్పటికీ కొత్తవి తయారు చేస్తున్నారు, తెప్పించుకోవచ్చు. కాబట్టి పోయినా దిగులు లేదు. టీవీకి కలపడం చివరి పని, దాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

సీతమ్మధార సందు:
మీ అందరికీ ధన్యవాదాలు. ముందు ఒక స్టూడియోలో ఇద్దామని వెళ్తే వాళ్లు డబ్బులు తీసుకుని, శుభ్రం చేశామని చెప్పి ఎంపీ3లు ఇచ్చారు. కూత బదులు ఈల వినిపిస్తోంది. అదృష్టం కొద్దీ ఘంటసాల క్యాసెట్ వాళ్లకి ఇవ్వలేదు. తెలిసినవాళ్ల దగ్గర డెక్ అడిగి తెచ్చుకుని మీరు చెప్పినట్టే వేవ్ తీశాం. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఫ్యూజ్ ఎమ్యులేటర్ వేశాడు.

టీచర్ గారూ, కూత స్పెక్ట్రమ్‌దే. తెర మీద "ప్రోగ్రామ్: డాల్ఫిన్" అని పడింది! అన్నయ్య ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, యారాడ కొండ పక్క నుంచి ఓడని హార్బర్‌లోకి తెచ్చే ఆట, తొమ్మిదో తరగతి సెలవుల్లో రాశానన్నాడు. కానీ సగంలో "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" వచ్చి ఆగిపోతోంది. ఏం చేయాలి?

గాజువాక రేడియో:
భేష్. పేరు పడిందంటే టేప్ బతికే ఉంది. ఇది హెడ్ వంపు సమస్య. మీ అన్నయ్య ఆనాడు రికార్డ్ చేసిన టేప్ రికార్డర్ హెడ్ ఏ కోణంలో ఉందో మీ డెక్ హెడ్ ఆ కోణంలో లేదు. డెక్‌లో ప్లే నొక్కి మూత తెరిస్తే హెడ్ పక్కన రెండు స్క్రూలు కనిపిస్తాయి. స్ప్రింగ్ ఉన్నదాన్ని మాత్రమే కొంచెం కొంచెంగా తిప్పాలి. క్యాసెట్ మొదట్లో కూత వస్తున్నప్పుడు తిప్పుతూ వినండి. శబ్దం గుడ్డ కప్పినట్టు మూగగా ఉన్నది ఒక చోట గాజు మీద గీసినంత పదునుగా మారుతుంది. అక్కడ వదిలేయండి. డెక్ అడిగి తెచ్చుకున్నది అంటున్నారు కాబట్టి తిప్పేముందు స్క్రూ గాడి ఎటు ఉందో ఫోటో తీసి పెట్టుకుని, ఇచ్చేముందు అక్కడికే తెచ్చేయండి.

అప్పటికీ రాకపోతే స్టీరియోలో రికార్డ్ చేసి కుడి, ఎడమ ఛానళ్లు విడివిడిగా ప్రయత్నించండి. తరచూ ఒకటి బాగుంటుంది.

లోడ్ కమాండ్ బదులు మెర్జ్ వాడండి. సేవ్ చేసేటప్పుడు లైన్ నంబర్ ఇచ్చి ఉంటే లోడ్ అవగానే ఆట మొదలైపోతుంది, మెర్జ్ అయితే ఎక్కించి ఊరుకుంటుంది. ఎక్స్‌టెండ్ మోడ్‌లోకి వెళ్లి సింబల్ షిఫ్ట్ పట్టుకుని టి నొక్కితే మెర్జ్ వస్తుంది. అప్పుడు లిస్ట్ కొడితే మీ అన్నయ్య రాసిన ప్రతి వరుసా చదువుకోవచ్చు.

సీతమ్మధార సందు:
వచ్చేసిందండీ!! స్క్రూ పావు వంతు కూడా తిప్పలేదు. లిస్ట్ కొడితే మొదటి వరుసలోనే రెమ్ (మనుషులు చదువుకోవడానికి రాసే గమనిక) అని పెట్టి వాడి పేరు, తరగతి, సెక్షన్. ఇక్కడ మేం నవ్వు, అక్కడ వీడియో కాల్‌లో వాడు ఏడుపు.

రన్ కొడితే కొండ వచ్చింది, నీళ్లు వచ్చాయి, కానీ ఓడ లేదు. ఓడ ఉండాల్సిన చోట ఏ, బి, సి అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కదులుతున్నాయి. టేప్ పాడైందా?

మహారాణిపేట టీచర్:
టేప్ పాడవలేదమ్మా. స్పెక్ట్రమ్‌లో సొంత బొమ్మలు గీసుకోవడానికి 21 గళ్లు ఇచ్చారు. మనం బొమ్మ నింపేదాకా వాటిల్లో ఏ నుంచి యు దాకా అక్షరాలే ఉంటాయి. మీ అన్నయ్య ఓడని మూడు గళ్లలో గీశాడు, ఆ బొమ్మ ఇంకా ఎక్కలేదు, అందుకే అక్షరాలు కనిపిస్తున్నాయి.

బొమ్మల్ని చాలామంది ప్రోగ్రామ్ తర్వాత విడిగా సేవ్ చేసేవాళ్లు. 21 గళ్లు, గడికి 8 బైట్లు, మొత్తం 168 బైట్లు. రెండు కూతలు పోగా అసలు సరుకు సెకను మాత్రమే ఉంటుంది. మీవాడు వేవ్ ఫైల్ చివర కత్తిరించేశాడేమో చూడండి. క్యాసెట్‌ని ప్రోగ్రామ్ అయిపోయాక కూడా ఆపకుండా నడవనివ్వండి. "బైట్స్" అని ఇంకో పేరు పడితే అదే. దాన్ని లోడ్ కోడ్ అని ఎక్కించి అప్పుడు రన్ కొట్టండి.

సీతమ్మధార సందు:
నిజంగానే కత్తిరించేశాడు, అక్కడితో అయిపోయింది అనుకున్నాడట. మళ్లీ తీశాం. "బైట్స్: ఓడ" అని పడింది. ఇప్పుడు పొగ గొట్టంతో సహా ఓడ వచ్చింది! కాకపోతే ఏ కీ నొక్కినా తిరగకుండా నేరుగా వెళ్లి కొండకి గుద్దుకుంటోంది. అన్నయ్యకి కీలు గుర్తులేవు.

ఉక్కునగరం 386:
క్యూ, ఏ, ఓ, పి నొక్కి చూశారా? ఆ రోజుల్లో సగం ఆటలకి అవే.

గాజువాక రేడియో:
ఊహించడం ఎందుకు, లిస్ట్ ఉంది కదా. అందులో ఇన్‌కీ డాలర్ (ఏ కీ నొక్కారో చూసే మాట) అని ఉన్న వరుసలు వెతకండి. దాని పక్కన కోట్స్ మధ్య ఉన్న అక్షరాలే కీలు. అక్కడ పెద్ద అక్షరాలు ఉంటే ముందు క్యాప్స్ లాక్ వేసి ఆడాలి, లేకపోతే కీ నొక్కినా దానికి అందదు. బహుశా మీ సమస్య అదే. ఈలోగా వేవ్ ఫైల్‌నీ, ఫ్యూజ్ వాళ్లదే అయిన ఆడియో టూ టేప్‌తో ట్యాప్ ఫైల్‌గా (ఎమ్యులేటర్ నేరుగా చదివే రకం) మార్చినదాన్నీ రెండు చోట్ల దాచండి. ఒకటి దుబాయ్ పంపించేయండి.

సీతమ్మధార సందు:
పెద్ద అక్షరాలే, జెడ్, ఎక్స్. ఓడ తిరుగుతోంది. మిగిలిన క్యాసెట్లలో మూడింటికి బూజు ఉంది, అవి సిలికా జెల్ డబ్బాలో పెట్టాం. అడాప్టర్ ఆర్డర్ పెట్టాక టీవీ సంగతి అడుగుతాను.