ఎన్నికల ముందు దర్యాప్తు సంగతి చెప్పాలా, దాచాలా? (2016 కోమీ ఉత్తరం)

కేరీ_సుబ్బు:
పాత గొడవే, మొన్న భోజనాల దగ్గర మళ్ళీ లేచింది. 2016 అక్టోబర్ 28, అమెరికా ఎన్నికకు ఇంకా 11 రోజులు. ఎఫ్‌బీఐ అనే అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ డైరెక్టర్ జేమ్స్ కోమీ, కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) కమిటీలకు ఉత్తరం రాశాడు. డెమోక్రాట్ల అభ్యర్థి హిల్లరీ క్లింటన్ మంత్రిగా ఉన్నప్పుడు సొంత సర్వర్‌లో నడిపిన ఈమెయిళ్ల దర్యాప్తుకు సంబంధించినవిగా కనిపిస్తున్న మెయిళ్లు వేరే కేసులో దొరికాయి, చూస్తున్నాం అని. అంతకుముందు జూలై 5న కెమెరాల ముందుకొచ్చి కేసు పెట్టేంత లేదన్నదీ ఈయనే. నవంబర్ 6న ఇంకో ఉత్తరం: మా మాట మారలేదు అని. 8న పోలింగ్. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా, ఈ మూడు రాష్ట్రాలూ కలిపి తేడా 80 వేల ఓట్ల లోపే. ఉత్తరం వల్లే ఆవిడ ట్రంప్ చేతిలో ఓడిందని నేననను. కానీ పోలీసన్నవాడు ఎన్నికల ముందు నోరు కట్టేసుకోవాలి.

చీరాల_వెంకట్:
దర్యాప్తు ముగిసిందని కాంగ్రెస్‌కి చెప్పిందీ ఆయనే కదా సుబ్బు గారూ. కొత్త మెయిళ్లు దొరికాక గమ్మునుంటే, ఆవిడ గెలిచాక సంగతి బయటపడితే? అప్పుడు మీరే "దాచేశాడు" అని థ్రెడ్ పెట్టేవారు.

లా_మూడో_ఏడు:
అక్కడ 60 రోజుల రూల్ ఉంది, ఎన్నికకు రెండు నెలల లోపు ఓటు మీద ప్రభావం చూపే దర్యాప్తు అడుగులు బయటికి వెయ్యకూడదని. తుంగలో తొక్కాడు. చర్చ అయిపోయింది.

చీరాల_వెంకట్:
ఏ కాగితం మీదుందో చూపించు తమ్ముడూ. 2018 జూన్‌లో వాళ్ళ న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదికే చెప్పింది, అది రాతలో లేదు, ఆనవాయితీ అని.

లా_మూడో_ఏడు:
ఆనవాయితీ కూడా రూలే అన్నా. అదే నివేదిక కోమీది తీవ్రమైన పొరపాటు నిర్ణయం అని కూడా అంది. అది చెప్పరేం?

చీరాల_వెంకట్:
రాజకీయ పక్షపాతంతో చేశాడనడానికి ఆధారం లేదనీ అంది. అది నువ్వు చెప్పవేం?

పల్లవి_హైదరాబాద్:
ఒక్క మాట. ఆ మెయిళ్లున్న ల్యాప్‌టాప్ క్లింటన్ సహాయకురాలి భర్త ఆంథొనీ వీనర్‌ది. అందులో ఏముందో సెప్టెంబర్ ఆఖరుకే ఎఫ్‌బీఐ చెవిన పడింది. సెర్చ్ వారెంట్ తీసుకున్నది అక్టోబర్ 30న. ఆ నెల రోజులూ దాన్ని ముట్టుకోకుండా కూర్చోవడం వల్లే కదా, చెప్పాలా వద్దా అన్న ఇరకాటం ఎన్నికల గుమ్మంలోకి వచ్చింది?

లా_మూడో_ఏడు:
అది వేరే టాపిక్ మేడమ్. ముందు 60 రోజుల సంగతి తేలనివ్వండి.

బెజవాడ_బుల్లోడు:
మన దగ్గర 2024 మార్చి 16న షెడ్యూల్ వస్తే 21న కేజ్రీవాల్‌ని అరెస్ట్ చేశారు. అక్కడ ఉత్తరం, ఇక్కడ ఏకంగా మనిషే 😀

కేరీ_సుబ్బు:
బుల్లోడూ, వద్దు. థ్రెడ్‌కి తాళం పడుద్ది.
వెంకట్ గారూ, ట్రంప్ ప్రచారానికీ రష్యాకీ లింకులున్నాయా అనే దర్యాప్తు 2016 జూలై 31నే మొదలైంది. కోమీ దాన్ని బయటికి ఒప్పుకున్నది 2017 మార్చి 20న. ఒకరిది 11 రోజుల ముందు చెప్పి, ఇంకొకరిది దాచడం ఏం న్యాయం?

చీరాల_వెంకట్:
న్యాయం కాదు. రెండూ చెప్పాల్సింది.

కేరీ_సుబ్బు:
రెండూ చెప్పకూడదంటాను.

చీరాల_వెంకట్:
ఎందుకు చెప్పాలంటానో వినండి. మా ఊరి పరపతి సంఘం ఎన్నిక. అధ్యక్షుడి మీద సహకార చట్టం సెక్షన్ 51 విచారణ నడుస్తోంది. ఆఫీసులో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. అడిగితే "ఎన్నికల టైమండీ, మాట్లాడకూడదు" అన్నారు. మళ్ళీ ఆయనే గెలిచాడు. మా అమ్మ డిపాజిట్ రసీదు ఇప్పటికీ పసుపు డబ్బా వెనకాలే ఉంది. రసీదే ఉంది, డబ్బు లేదు. మీ నోరు కట్టేసుకోవడం అంటే నాకు కనపడేది ఇదీ.

కేరీ_సుబ్బు:
అమ్మగారి సంగతికి బాధగానే ఉంది. కానీ పరపతి సంఘం వేరు, దేశాధ్యక్ష పదవి వేరు.

చీరాల_వెంకట్:
ఏం, మా ఓటు ఓటు కాదా? అమెరికా వెళ్ళాక ఓటరంటే గొర్రెలా కనపడుతున్నాడా మీకు? ఉత్తరం చదివి అర్థం చేసుకోలేడా?

కేరీ_సుబ్బు:
ఆ గొర్రెను నేనే. చాలా?
ఆ ఏడే సిటిజన్ అయ్యాను. తొలి ఓటు. నార్త్ కరోలినాలో ముందస్తు ఓటింగ్‌కి నవంబర్ 5 శనివారం ఆఖరు రోజు. ఆవిడకే వెయ్యాలనుకున్నా. వారమంతా టీవీలో "కేసు మళ్ళీ తెరిచారు" అనే గోల. ఉత్తరంలో ఆ మాటే లేదు, ఒక కాంగ్రెస్ సభ్యుడు ట్వీట్‌లో అన్నాడు, అదే ఊరంతా పాకింది. మనసొప్పక మూడో పార్టీకి వేసి, చొక్కాకి "ఓటేశా" అనే స్టిక్కర్ అంటించుకుని ఇంటికొచ్చా. ఆదివారం రెండో ఉత్తరం: ఏమీ లేదని. స్టిక్కర్ ఇంకా చొక్కాకే ఉంది. వేసిన ఓటు వెనక్కి ఎవడిస్తాడు?

పల్లవి_హైదరాబాద్:
ఇది ముందే చెప్పుంటే పైన సగం గొడవ ఉండేది కాదు సుబ్బన్నా.

చీరాల_వెంకట్:
గొర్రె అన్నందుకు సారీ. అయినా అడుగుతాను, మంగళవారం పోలింగ్ దాకా ఆగొచ్చుగా?

కేరీ_సుబ్బు:
మంగళవారం డ్యూటీ. సరే, ఆగొచ్చు. కానీ మీ సంఘం మీద రిపోర్టుంది, లెక్కలున్నాయి. నా చేతిలో పెట్టింది ఉత్త "ఉండొచ్చు".

చీరాల_వెంకట్:
రిపోర్టు ఎన్నికైన ఏడు నెలలకొచ్చిందండీ. ఓటేసిన రోజు మా దగ్గరున్నా అదీ "ఉండొచ్చే". నాకు ఆ "ఉండొచ్చు" అయినా దక్కలేదు.

కేరీ_సుబ్బు:
ఆ విచారణ అవతలి ప్యానెల్ వాడు అర్జీ పెట్టి వేయించిందైతే? అప్పుడూ చెప్పాలా?

చీరాల_వెంకట్:
చెప్పాలి. అర్జీ ఎవడు పెట్టాడో కూడా చెప్పాలి.

కేరీ_సుబ్బు:
అదే చెప్పరు. విచారణ ఉందంటారు, అర్జీ ఎవరిదంటే రహస్యం అంటారు. పిల్లని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాలి, రాత్రికి రాస్తా.

లా_మూడో_ఏడు:
60 రోజులది ఎవరూ తేల్చలేదు.