బంగారంపై పెంచిన గ్రాఫీన్ నానోరిబ్బన్: కొలిచిన బ్యాండ్ గ్యాప్ లెక్కకన్నా ఇంత తక్కువెందుకు?

ప్రశ్న:
నమస్కారం. డైబ్రోమోబయాంథ్రిల్ అణువులను అల్ట్రా హై వాక్యూమ్‌లో బంగారు స్ఫటికపు (111) తలంపై నిక్షేపించి, మొదట 200, తరువాత 400 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, ఏడు కార్బన్ వరుసల వెడల్పు గల ఆర్మ్‌చెయిర్ (అంచులు చేతుల కుర్చీ ఆకారంలో మెలికలు తిరిగిన) గ్రాఫీన్ నానోరిబ్బన్లను, అంటే ఒక్క పరమాణువు మందం గల కార్బన్ పొర సన్నని పట్టీలను, పెంచుతున్నాము. ఎస్‌టీఎం (సన్నని లోహపు మొనతో, అంటే టిప్‌తో, ఉపరితలాన్ని పరిశీలించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) స్పెక్ట్రోస్కోపీలో వాటి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లకు స్థితులు లేని శక్తి అంతరం) సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టులుగా వస్తోంది. శూన్యంలో ఒంటరిగా ఉన్న ఇదే రిబ్బన్‌కు జీడబ్ల్యూ పద్ధతిలో (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని మరింత కచ్చితంగా లెక్కించే సైద్ధాంతిక పద్ధతి) చేసిన లెక్కలు దాదాపు 3.7 అంటున్నాయి. లోపం మా నమూనాలో ఉందా, లెక్కలో ఉందా? అలాగే స్పెక్ట్రమ్‌లో మైనస్ 0.5 వోల్టుల దగ్గర కనిపించే మెట్టును వేలెన్స్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లతో నిండిన శక్తి పట్టీ) అంచుగా తీసుకోవచ్చునా?

జవాబు 1:
రెండింటిలోనూ లోపం లేదు. అవి రెండు వేర్వేరు వ్యవస్థలకు చెందిన విలువలు. టన్నెలింగ్ (టిప్‌కూ నమూనాకూ మధ్య ఖాళీని ఎలక్ట్రాన్ దాటడం) ద్వారా రిబ్బన్‌లోకి ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చినప్పుడు గాని, దాని నుంచి తీసివేసినప్పుడు గాని, కింద ఉన్న బంగారంలోని ఎలక్ట్రాన్లు వెంటనే సర్దుకొని ఆ ఆవేశానికి వ్యతిరేకమైన ప్రతిబింబ ఆవేశాన్ని ఏర్పరుస్తాయి. దానివల్ల చేర్చడానికీ తీయడానికీ అయ్యే శక్తి తగ్గి, గ్యాప్ ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు మించి కుంచించుకుపోతుంది. కాబట్టి మీరు కొలిచింది రిబ్బన్ ఒక్కదాని గుణం కాదు, బంగారంతో కలిసి ఉన్న రిబ్బన్ గుణం. సాధారణ డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ సాంద్రతపై ఆధారపడే పద్ధతి) లెక్క 1.6 దగ్గరి విలువ ఇస్తుంది గాని, అది ప్రయోగానికి చేరువగా కనిపించినంత మాత్రాన నమ్మదగినది కాదు. ఆ పద్ధతి గ్యాప్‌ను సహజంగానే తక్కువగా చూపుతుంది.

ఇక మైనస్ 0.5 వోల్టుల మెట్టు చాలావరకు బంగారపు ఉపరితల స్థితిదే (లోహపు పైపొరకే పరిమితమైన ఎలక్ట్రాన్ స్థితి) అయి ఉంటుంది. అదే టిప్‌తో, రిబ్బన్ లేని శుభ్రమైన బంగారంపై ముందుగా స్పెక్ట్రమ్ తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రిబ్బన్ వేలెన్స్ అంచు సాధారణంగా మైనస్ 0.7, 0.8 వోల్టుల ప్రాంతంలో వస్తుంది. రిబ్బన్ మధ్యలో సంకేతం బలహీనంగా ఉంటుంది కనుక, టిప్‌ను రిబ్బన్ పక్క అంచు మీద నిలిపి కొలవడం మేలు.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. రెండవ దశ (400 డిగ్రీల వేడి) పూర్తయిందో లేదో ముందు చూసుకోవాలి. 200 డిగ్రీల వద్ద ఏర్పడేది పాలిమర్ గొలుసు మాత్రమే. అందులోని ఆంథ్రసీన్ భాగాలు ఒకటి ఇటు, ఒకటి అటు వంగి ఉండడం వల్ల ఎస్‌టీఎం చిత్రంలో 0.86 నానోమీటర్లకు ఒకసారి ఉబ్బులు కనిపిస్తాయి. హైడ్రోజన్ పోయి వలయాలు మూసుకున్నాక అవి మాయమై, రిబ్బన్ చదునుగా, తక్కువ ఎత్తుతో కనిపిస్తుంది. లోహం కేవలం ఆధారం కాదు, ఉత్ప్రేరకం కూడా: ఇదే అణువు రాగి (111) తలంపై ఆర్మ్‌చెయిర్‌కు బదులు కైరల్ అంచుల (ఆర్మ్‌చెయిర్, జిగ్‌జాగ్ మలుపులు కలిసిన అంచుల) రిబ్బన్లను ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బంగారపు ప్రభావాన్ని తప్పించి కొలిచే మార్గం ఉన్నదా?

జవాబు 1:
ఉన్నది. రిబ్బన్‌ను టిప్‌తోనే మెల్లగా జరిపి, బంగారంపై పెంచిన పలుచని సోడియం క్లోరైడ్ పొర మీదికి చేర్చవచ్చు. 2016లో ప్రచురితమైన ప్రయోగంలో, బంగారంపై ఒకే శిఖరంగా కనిపించే రిబ్బన్ రెండు చివరల్లోని జిగ్‌జాగ్ (వంకరటింకర) కొసల ఎలక్ట్రాన్ స్థితులు ఉప్పు పొర మీద 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల దూరంలో రెండుగా విడిపోయి కనిపించాయి. అయితే అక్కడ కూడా పొర కింది లోహపు ప్రభావం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు కాబట్టి, ఏ గ్యాప్ విలువ పక్కనైనా కింద ఏ ఉపరితలం ఉన్నదో తప్పక రాయండి.