బీజీపీ సెషన్ తెగకుండా కొత్త పాలసీ ఎక్కించడం ఎలా?

అన్నలూ, అక్కలూ, నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. అనంతపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర పనిచేస్తున్నాను. మా లేయర్ త్రీ స్విచ్‌కి (రూటింగ్ కూడా చేసే స్విచ్) రెండు అప్‌స్ట్రీమ్ లింకులు (మాకు నెట్ ఇచ్చే పెద్ద ప్రొవైడర్ల వైపువి), ఒకటి బెంగళూరు వైపు, ఇంకొకటి హైదరాబాద్ వైపు, రెండింటితోనూ బీజీపీ (నెట్‌వర్కులు ఒకదానికొకటి రూట్లు, అంటే దారులు, చెప్పుకునే ప్రోటోకాల్) నడుస్తోంది. బెంగళూరు దారికే ప్రాధాన్యం ఇవ్వాలని ఇన్‌బౌండ్ రూట్ మ్యాప్‌లో (అటు నుంచి వచ్చే రూట్లకు పెట్టే నియమాల్లో) లోకల్ ప్రిఫరెన్స్ (ఎక్కువున్న దారికే మొగ్గు) 200 పెట్టాను (మామూలుగా 100 ఉంటుంది కదా), కానీ ఇదివరకే వచ్చిన రూట్లు పాత విలువతోనే కూర్చున్నాయి.

మా సీనియర్ 'క్లియర్ ఐపీ బీజీపీ స్టార్' (బీజీపీ సెషన్లన్నీ రీసెట్ చేసే కమాండ్) కొట్టేయమంటున్నారు. నాకు అదే టెన్షన్. అది కొడితే 179 పోర్టు మీదున్న టీసీపీ కనెక్షన్లు రెండూ తెగి, రూట్లన్నీ పోయి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకునేదాకా ఆన్‌లైన్ కోచింగ్ వినే పిల్లల దగ్గర్నుంచి మీసేవా సెంటర్ల దాకా అందరికీ నెట్ ఆగిపోతుంది. అర్ధరాత్రి చేసినా సరే, తప్పించగలిగితే తప్పించాలనే నా పట్టు.

బెంగళూరు నైబర్ (అవతలి రూటర్) ఒక్కదానికే 'సాఫ్ట్ ఇన్' (సెషన్ తెంపకుండా వచ్చే రూట్లకు పాలసీ మళ్లీ వర్తింపజేసేది) పెట్టి క్లియర్ చేస్తే సరిపోతుందా? షో ఐపీ బీజీపీ నైబర్స్‌లో రూట్ రిఫ్రెష్ దగ్గర అడ్వర్టైజ్డ్ అండ్ రిసీవ్డ్ (అంటే రెండు వైపులా సపోర్ట్ ఉన్నట్టు) అని ఉంది, కాబట్టి అడిగితే అవతలివాళ్లు రూట్లు మళ్లీ పంపుతారనే అనుకుంటున్నా. సాఫ్ట్ రీకాన్ఫిగరేషన్ ఇన్‌బౌండ్ మాత్రం పెట్టలేదు, వచ్చిన రూట్లకు ఇంకో కాపీ దాచుకునేంత మెమరీ ఈ పాత స్విచ్‌లో లేదు. హైదరాబాద్ సెషన్‌ని అసలు ముట్టుకోవాల్సిన పని ఉందా? రిఫ్రెష్ అయ్యేటప్పుడు సీపీయూ బాగా ఎక్కుతుందా? లైవ్‌లో చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.