ఉత్తరం చదివి పేజీలు అడుగుతారు, పేజీలు చదివి వద్దంటారు

నాది 88,000 పదాల మిస్టరీ నవల. ఏడు నెలల్లో 26 మంది లిటరరీ ఏజెంట్లకు (రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడేవాళ్లు) దాని గురించి రాశాను. నవలను పరిచయం చేసే ఉత్తరం మాత్రమే అడిగిన 8 మందిలో ముగ్గురు పేజీలు పంపమన్నారు, చదివాక ముగ్గురూ వద్దన్నారు. ఉత్తరంతోపాటే మొదటి 10 పేజీలు తీసుకున్న 18 మందిలో 11 మంది రెండు లైన్లలో కాదన్నారు (ఎందుకో ఒక్కరూ చెప్పరు), మిగతావాళ్లు ఉలుకూ పలుకూ లేదు.

ఉత్తరం రెండుసార్లు తిరగరాశాను, 300 పదాలు దాటలేదు. సినాప్సిస్ (కథ సారాంశం) ఒక్క పేజీకి కుదించాను. అయినా ఏమీ మారలేదు. లోపం పేజీల్లోనే ఉందని నా అనుమానం. హీరోయిన్ బస్టాప్‌లో కూర్చుని గతం తలుచుకుంటూ ఉంటుంది, శవం 14వ పేజీలో గానీ కనబడదు. ఆ 13 పేజీలంటే నాకు ప్రాణం, అదే చిక్కు.

నా లిస్టులో ఇంకా ఆరుగురే మిగిలారు. ఇలాంటి ఓపెనింగ్ కోసేసి నేరుగా కథలోకి వెళ్లాక ఏజెంట్ల స్పందన మారినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?