ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్ళు ఎక్కడ వదలాలి?

ప్రశ్న:
మాకు సముద్రం ఒడ్డున కొన్ని ఉప్పు మడులున్నాయి. ఈసారి ఉప్పు తెల్లగానే ఉంది కానీ నాలుక మీద వేసుకుంటే చేదు, తెల్లారేసరికి చెమ్మ పట్టి ముద్దయిపోతోంది. ఉప్పు తీశాక అడుగున మిగిలే జిడ్డు నీళ్ళని ఇన్నాళ్ళూ పక్క కాలువలోకి వదిలాం, అది మడ చెట్ల మధ్య నుంచి పోతుంది, ఈ ఏడు అక్కడ చేపపిల్లలే కనపడలేదు. మా వల్లేనా అని టెన్షన్‌గా ఉంది. ప్లాస్టిక్ షీటు పరిస్తే దిగుబడి పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
చేదుకీ చెమ్మకీ కారణం ఒకటేనండి, మెగ్నీషియం. నీళ్ళ చిక్కదనాన్ని బోమే డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రపు నీళ్ళు 3, 3.5 డిగ్రీలు ఉంటాయి, ఎండకి చిక్కబడుతూ 13 దాటాక జిప్సం దిగుతుంది, 25 దాటాక ఉప్పు కడుతుంది. 29 వచ్చేసరికి ఉప్పు చాలావరకు దిగిపోతుంది కాబట్టి అక్కడ నీళ్ళు తోడేయాలి, ఇంకాస్త వస్తుందని ఆశపడి ఉంచితే మెగ్నీషియం లవణాలు కూడా పట్టేస్తాయి. కంటితో అంచనా వేయకండి, ఆ డిగ్రీలు చూపించే హైడ్రోమీటర్ కొనండి. తీసిన ఉప్పుని చిక్కటి ఉప్పునీళ్ళతోనే కడిగి, వాలు మీద రాశి పోసి ఓడ్చండి. మంచినీళ్ళతో కడిగితే ఉప్పే కరిగిపోతుంది.

జవాబు 2:
ఆ చేదు నీళ్ళని కాలువలోకి వదలడం మాత్రం దయచేసి ఆపేయండి. చేపపిల్లలు పోవడానికి వేరే కారణమూ ఉండొచ్చు, కానీ ఆ నీళ్ళలో మెగ్నీషియం, పొటాషియం పాళ్ళు సముద్రంలో ఉన్నట్టు ఉండవు, అందుకే పలచన చేసి వదిలినా చిన్న జీవులకి ముప్పే. ఒక మడిని దానికే కేటాయించి, గట్టు గట్టిగా వేసి నిలవ చేయండి. మెగ్నీషియం క్లోరైడ్ తీసేవాళ్ళకి అది ముడిసరుకు, చుట్టుపక్కల రైతులంతా కలిస్తే కొనేవాళ్ళు దొరకొచ్చు.

జవాబు 3:
షీటు వేస్తే నీళ్ళు ఇంకవు, మట్టి అంటదు, దిగుబడి పెరిగే మాట నిజమే. కానీ పార తగిలి చిరిగిన ముక్కలు ఉప్పులోకే వస్తాయి, పాత షీటు చివరికి ఒడ్డునే పడుంటుంది. నేనైతే బంకమట్టిని తొక్కించి గట్టి చేస్తాను. సముద్రపు నీళ్ళు ముందుగా నింపే మొదటి మడుల్లో అడుగున పాచి చాపలా కడుతుంది, దాన్ని గీకేయకండి, నీళ్ళు ఇంకకుండా ఆపేది అదే. ఆర్టీమియా అనే, ఉప్పునీళ్ళలో బతికే బుల్లి రొయ్యలు నీళ్ళలోని నాచు తిని శుభ్రం చేస్తాయి, వాటికోసం పక్షులొస్తాయి. ఉప్పు కట్టే చివరి మడుల్లో సూక్ష్మజీవుల వల్ల నీళ్ళు గులాబీ రంగుకి తిరిగినా కంగారుపడకండి, అవి ఎండని పట్టి నీళ్ళు తొందరగా ఆవిరయ్యేలా చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
హైడ్రోమీటర్ తెచ్చి చివరి మడిలో పెట్టి చూశానండి, 31 చూపించింది. ఇన్నాళ్ళూ ఆలస్యంగా తీస్తున్నామన్నమాట. కాలువ తూముకి మట్టి కొట్టేశాం, పక్క మడివాళ్ళతో రేపు మాట్లాడతాను.