బడి పిల్లలకు వ్యవసాయం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

మా సంఘం తరఫున ఒక బడిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వ్యవసాయం గురించి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఒక నిపుణుణ్ణి పిలిచి గంటసేపు మాట్లాడించడం, ఒక వీడియో చూపించడం, చివర్లో మొక్కలు నాటి ఫొటోలు దిగడం: ఇప్పటిదాకా వచ్చిన ఆలోచన ఇదే. వారం తిరిగేసరికి ఎవరికీ ఏదీ గుర్తుండదని నాకు గట్టిగా అనిపిస్తోంది. పిల్లల్లో సగం మంది రైతుల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నలేమో "మేం పడ్డ కష్టం చాలదా, వీళ్ళకూ మట్టి ఎందుకండీ" అంటున్నారు. బడివాళ్ళు వారానికి ఒక పీరియడ్ ఇస్తామన్నారు. కొంచెం జాగా, నీళ్ళ వసతి ఉన్నాయి. ఇలాంటిది చేసిన అనుభవం ఉన్నవాళ్ళు దారి చెప్పండి.

జవాబు 1:

వారానికో పీరియడ్ దొరికిందంటే అసలైనది దొరికినట్టేనండీ. ఉపన్యాసం సంగతి వదిలేయండి. నేను వ్యవసాయ విస్తరణలో, అంటే రైతులకు కొత్త పద్ధతులు చేరవేసే పనిలో, చాలా ఏళ్ళు ఉన్నాను. మైకు పట్టుకుని చెప్పిన మాట చేలోకి వెళ్ళడం అరుదుగా చూశాను. ఒకే పంటను విత్తనం నుంచి కోత దాకా పిల్లల చేత చూపించండి. అంతకంటే మంచి పాఠం లేదు.

రైతులు చేలోనే చూసి నేర్చుకునే పొలంబడి పుట్టింది కూడా ఈ ఆలోచనతోనే. ఇండోనేషియాలో వరిని సుడిదోమ అనే పురుగు ఊడ్చేస్తుంటే రైతులు మందు మీద మందు కొట్టారు. కొట్టేకొద్దీ దోమ పెరిగింది. దోమను తినే సాలీళ్ళు ముందు చచ్చిపోయేవి మరి. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. నిషేధం ఒక్కటే చాలదు కదా, ఏ పురుగు ఏం చేస్తుందో రైతు తన కళ్ళతో చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో పొలంబడులు మొదలయ్యాయి. పాతిక ముప్పై మంది రైతులు వారానికోసారి చేలో కలుస్తారు. మొక్కల్ని పట్టి చూస్తారు, పురుగుల్ని లెక్కపెడతారు, చూసింది పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు, ఈ వారం ఏం చేయాలో వాళ్ళే తేల్చుకుంటారు. శిక్షకుడు జవాబు చెప్పడు. "నువ్వేం చూశావు?" అని అడుగుతాడు.

పిల్లలకు ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. అలసంద వేయండి. మొక్క రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక దానంతటదే వస్తుంది. పేను పట్టిన రెండు మొక్కల్ని కుండీల్లో పెట్టి, చుట్టూ పల్చటి దోమతెర కట్టండి. ఒకదాంట్లో ఆ పేలను తినే అక్షింతల పురుగు పిల్లల్ని నాలుగైదు వదలండి, రెండోది అలాగే ఉంచండి. ఆ పిల్ల పురుగు మనకు తెలిసిన ఎర్రటి గుండ్రటి అక్షింతల పురుగులా ఉండదు. బూడిద రంగులో, ఒంటినిండా చిన్న చిన్న ముళ్ళతో, మొసలి పిల్లలా పాకుతుంది. చాలామంది చీడపురుగనుకుని నలిపేస్తారు. రోజూ ఒక కొమ్మ మీది పేలను లెక్కపెట్టి రాయమనండి. ఒక కుండీలో అంకె పడిపోతుంది, రెండోదాంట్లో ఎగబాకుతుంది, ఎందుకంటే పేను జత కట్టకుండానే పిల్లల్ని పెట్టగలదు. ఆ రెండు వరసల అంకెలు చూసిన పిల్ల ఇంటికెళ్ళి, "నాన్నా, ఆ పురుగుల్ని చంపకు" అంటుంది. మీ కార్యక్రమం ఊళ్ళోకి వెళ్ళే దారి అదే.

జవాబు 2:

నేను సైన్సు టీచర్ని. పై జవాబుకు మట్టిని కలుపుతాను. అలసంద పూతకొచ్చినప్పుడు ఒక మొక్కను చుట్టూ తవ్వి పెళ్ళగించండి. లాగకూడదు, లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. వేళ్ళు కడిగితే చిన్న పూసల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చమనండి. లోపల గులాబీ రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ పని జరగట్లేదన్నమాట. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. పాఠ్యపుస్తకంలో నాలుగు పంక్తుల్లో పోయే నత్రజని చక్రం గోరు మీద కనబడితే పిల్లల ముఖాలు చూడాలి!

జవాబు 3:

అమ్మానాన్నల మాటకు ఎవరూ జవాబివ్వలేదు. వాళ్ళ బాధ మట్టి గురించి కాదండీ, రాబడి గురించి. నేను చదువు అయ్యాక సేద్యంలోకి వచ్చాను, ఇంట్లో ఇదే మాట పడ్డాను. అందుకని పిల్లలతో లెక్కలు రాయించండి. విత్తనానికెంత, ఎరువుకెంత, ఎన్ని గంటల పని, ఎంత దిగుబడి, అమ్మితే ఎంత. నష్టమొస్తే అదీ రాయాలి. సేద్యం గొప్పదని పొగిడి పంపిస్తే ఆ ఇళ్ళల్లో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. చదివిన పిల్ల రైతే అవ్వాలనేం లేదు. విత్తన పరీక్ష, నేల పరీక్ష, పశువైద్యం, నిల్వ, అమ్మకం అన్నీ ఈ చదువులోంచి వచ్చే పనులే.

పిల్లల ద్వారా పెద్దలకు చేరడం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఒహైయో రాష్ట్రం క్లార్క్ కౌంటీలో 1902లో ఎ.బి. గ్రాహం అనే బడి అధికారి పిల్లలతో క్లబ్బు పెట్టాడు. వాళ్ళు మొక్కజొన్న పెంచారు, లిట్మస్ కాగితంతో నేలను పరీక్షించారు. పిల్లలకు చేతిపనులతో నేర్పే అక్కడి ఫోర్ హెచ్ క్లబ్బులకు అదే మొదలంటారు. కొత్త పద్ధతిని పెద్దవాళ్ళు ఒప్పుకోకపోయినా పిల్లలు వేసి చూసేవాళ్ళు, పిల్లల పంట చూసి పెద్దవాళ్ళు కదిలేవాళ్ళు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్. ఉపన్యాసం, ఫొటోల ఆలోచన మానేస్తున్నాం. రెండు సందేహాలు. పురుగు ఎక్కువైతే పిల్లలతో మందు కొట్టించవచ్చా? సెలవుల్లో నీళ్ళెవరు పోస్తారు?

జవాబు 1 రాసినవారు:

మందు డబ్బా పిల్లల చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. కలపడం, కొట్టడమే కాదు, ఖాళీ డబ్బా కడగడం కూడా వద్దు. వేపగింజల కషాయమైనా పెద్దవాళ్ళే కొట్టాలి. పంట కొంత పోయినా ఫరవాలేదు, ఎంత పోయిందో లెక్క రాయించండి.

సెలవుల సంగతి విత్తేముందే చూసుకోండి. బడి తెరిచిన వెంటనే అలసందో పెసరో వేస్తే రెండు నుంచి మూడు నెలల్లో చేతికొస్తుంది. విత్తేముందు వంద గింజల్ని తడి గోనెపట్టాలో చుట్టి మొలక శాతం చూడండి. మొదటి పీరియడ్‌లో చుడితే రెండో పీరియడ్‌లో లెక్కపెట్టొచ్చు. దానికి జాగా కూడా అక్కర్లేదు, ఈ వారమే చేయొచ్చు.