పాట, సొంత కథ, రాజకీయ చర్చ ఒకే పందిరి కింద: జరిపినవాళ్లూ చూసినవాళ్లూ అనుభవాలు చెప్పండి

హంద్రీ_ఒడ్డు, కర్నూలు

అందరికీ నమస్కారం. వచ్చే చలికాలంలో కర్నూలులో రెండు రోజుల ఉత్సవం జరపాలని మేము పదిమందిమి అనుకుంటున్నాము. పాటలూ వాయిద్యాలూ ఉంటాయి. మామూలు మనుషులు తమ బతుకులో జరిగిన ఒక సంగతిని తమ నోటితోనే చెబుతారు. సీమ నీళ్లు, వలసలు, హైకోర్టు వంటి విషయాల మీద వేర్వేరు పార్టీలవాళ్లూ ఏ పార్టీకీ చెందనివాళ్లూ ఎదురెదురుగా కూర్చొని వాదించుకుంటారు. ఈ మూడింటినీ కలిపితే ఒకదాన్ని ఒకటి చెడగొడతాయని మాలోనే కొందరు భయపడుతున్నారు. పాట కోసం వచ్చినవాడు చర్చ మొదలు కాగానే లేచిపోతాడని ఒకరు, కంటతడి పెట్టుకొని కథ చెప్పిన మనిషి ముందే పార్టీల గొడవ పెట్టడం తప్పని ఇంకొకరు అంటున్నారు. మన జిల్లాల్లో ఇటువంటివి జరిపినవాళ్లు ఉంటే, ఎక్కడ బాగా కుదిరిందో ఎక్కడ దెబ్బతిన్నదో దయచేసి వివరంగా చెప్పండి.

గుమ్మెట, అనంతపురం

హంద్రీ_ఒడ్డు గారూ, ఈ మూడూ కలవవేమోనన్న సందేహం మీకు అక్కర్లేదు. మన బుర్రకథలో అవి ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి. తంబుర పట్టిన కథకుడికి ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు నిలబడితే, అందులో ఒకరి వంతు హాస్యం, మరొకరి వంతు రాజకీయం. బ్రిటిష్ ప్రభుత్వం మద్రాసులోనూ నిజాం ప్రభుత్వం హైదరాబాదులోనూ బుర్రకథను నిషేధించాయంటే ఆ రెండో వంత మాటకు ఎంత బలం ఉండేదో అర్థం చేసుకోవచ్చు.

ఇక మా అనుభవం. నాలుగేళ్ల కిందట ధర్మవరం వైపున్న మా పల్లెలో, బడి ఆవరణలో ఒక రాత్రి ఇటువంటి కార్యక్రమమే పెట్టుకున్నాము. ఉరుములనే తోలు వాద్యాలు వాయించేవాళ్లను పిలిపించాము. పొద్దు గూకి మంచు దిగేసరికి వాద్యాల తోలు మెత్తబడి నాదం పలకకపోవడంతో, వాళ్లు ఎండుగడ్డి మంట వేసి, ఉరుములను మంటకు చూపిస్తూ వేలితో తట్టి చూసుకుంటూ కూర్చున్నారు. జనం లేచిపోతారేమోనని మాకు గాబరా పుట్టింది. అప్పుడు మా ఊరి ఆడమనిషి ఒకామె, ఎవరూ పిలవకుండానే, ఆ మంట దగ్గరే నిలబడి తమ చేనులో వేయించిన ఐదో బోరు సంగతి చెప్పింది. టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి బోరు బండికి మొక్కారట. నాలుగు వందల అడుగులు దాటినా పొడి దుమ్మే లేచిందట. తల నిండా పడ్డ ఆ తెల్లటి దుమ్మును కడుక్కుందామని ఇంటికి పోతే రెండు బిందెల నీళ్లే ఉన్నాయట. వాటిని ఎనుముకు పోసి, తాను ఆ తలతోనే పడుకున్నదట. ఆమె చెప్పడం అయ్యేసరికి తోలు బిగిసింది. వాళ్లు వాయించారు. ఆ తరువాత బోర్ల అప్పు ఎవరు మోయాలి, హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీళ్లు మన చెరువుకు ఎప్పుడు వస్తాయి అన్న వాదన రాత్రి చాలాసేపు నడిచింది. చర్చకు ఆరోజు మేము అనుకున్న విషయం వేరు. దాన్ని ఎవరూ గుర్తు కూడా చేసుకోలేదు.

అందుకని నా సలహా ఒక్కటే: చర్చకు విషయాలను ముందుగా కరపత్రంలో అచ్చు వేయించకండి, కథల్లోంచి రానివ్వండి.

కేసీ_కాలువ, నంద్యాల

పాట గురించి ఒక్క మాట. కళాకారులను జనాన్ని పోగు చెయ్యడానికి మాత్రమే పిలిచేటట్టయితే దయచేసి పిలవకండి. నేను చూసిన ఒక సభలో చెక్కభజన బృందం మూడో పాట మధ్యలో ఉండగా నాయకుడి కారు వచ్చిందని మైకు ఆపేశారు. పద్నాలుగు మంది గజ్జెలు కట్టుకొని, చేతుల్లో చెక్కలతో, ఏ అడుగులో ఆగారో ఆ అడుగులోనే నిలబడిపోయారు. వాళ్లలో ఒక పెద్దాయన ముఖం నేను మరిచిపోలేదు. ఆలస్యంగా వచ్చినవారు ఎంతటివారైనా చాప మీద కూర్చొని పాట అయ్యేదాకా వినాలని ఆహ్వానంలోనే రాయండి. పారితోషికాన్ని వేదిక దిగగానే చేతికి ఇవ్వండి, మరునాడు రమ్మనకండి.

పాలకొండల_నీడ, కడప

గుమ్మెట గారు చెప్పినది చదివి సంతోషించాను, కానీ మా ఇంట్లో జరిగినది వేరు.

మా అమ్మ కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. కొన్నేళ్ల కిందట ఇటువంటి ఒక సభలో నిర్వాహకులు అడిగితే తన సంగతి చెప్పింది. మొదటి ఏడాది ఆమె చేతికి ఫోను ఇచ్చేవాళ్లు కాదట. వెళ్లేటప్పుడు పెట్టె అడుగున దాచుకున్న మా చెల్లెలి పాత గౌనును ఏడాది పాటు ఉతకకుండా ఉంచుకొని, రాత్రి తలుపు వేసుకున్నాక తీసి వాసన చూసుకునేదట. ఈ సంగతి మాకు ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. నేనూ చెల్లెలూ వందమంది మధ్య కూర్చొని మొదటిసారి విన్నాము. ఆమె దిగి వచ్చి నా పక్కన కూర్చుంటే చేతులు చల్లగా ఉన్నాయి, కానీ ముఖంలో ఏదో బరువు దిగిన తేట కనిపించింది.

పది నిమిషాలకు చర్చ మొదలైంది. మొదటి వక్త మా అమ్మ వైపు చెయ్యి చూపించి, ఈ తల్లి కన్నీళ్లకు ఫలానా పార్టీయే కారణమన్నాడు. రెండో ఆయన లేచి, ఆమె ఇష్టపడే పోయింది కదా అన్నాడు. తన బతుకును ఇద్దరు మగవాళ్లు అటూ ఇటూ లాగుతుంటే ఆమె తల వంచుకొని కూర్చుంది. ఎవరో ఫోనులో తీసిన వీడియో మరునాటికి పార్టీ నినాదం అంటించుకొని మా బంధువులందరికీ చేరింది. నెల రోజులు ఆమె వీధి కొళాయి దగ్గరకు కూడా పోలేదు.

అందువల్ల, కథ చెప్పినవాళ్లను అడగకుండా వారి కథను ఏ వక్తా తన వాదానికి వాడుకోకూడదని ముందే కట్టుబాటు చెయ్యండి. కథలు చెప్పేటప్పుడు ఫోన్లు సంచుల్లో ఉండాలి. కథకూ చర్చకూ మధ్య కనీసం ఒక రాత్రి గడవాలి.

గుమ్మెట, అనంతపురం

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మా పల్లెలో ఆ రాత్రి బాగా జరగడానికి కారణం మా ఏర్పాటు కాదని ఇప్పుడు తోస్తున్నది. అక్కడ ఉన్నవాళ్లంతా బోరు సంగతి చెప్పినామెను వదినా అనో అత్తా అనో పిలిచేవాళ్లు. ఆమె మాటను వాడుకునే ధైర్యం ఎవరికీ లేదు. కర్నూలు వంటి ఊళ్లో ఆ రక్షణ ఉండదు. ఒక రాత్రి ఎడం ఉండాలన్న మీ మాటే సరైనది. కథల్లోంచి చర్చ వెంటనే పుట్టాలన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను.

బ్రౌన్_తోట, కడప

చర్చ సంగతికి వస్తాను, ఎందుకంటే మన సభల్లో అది నూటికి తొంభైసార్లు చదవని కాగితం మీద నడుస్తుంది. మేము ఒకసారి, కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మీద చర్చ పెట్టాము. వక్తలందరూ దాని పేరు చెప్పి గొంతు పెంచారు, అందులో ఏముందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. రెండోసారి పెట్టినప్పుడు దాని ముఖ్యాంశాలను ఒక కాగితం మీద అచ్చు వేయించి, చర్చకు ముందు ఒక ఆడపిల్ల చేత గట్టిగా చదివించాము. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరిన ఒప్పందం అది. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే అంతకు మించి, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు చోటు ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు వేర్వేరు చోట్ల ఉండవచ్చు, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. చదవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తరువాత అబద్ధం చెప్పబోయినవాడికి జనంలోంచే కాగితం చూపించారు.

ఆ రోజు కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తన కథ చెబుతానని అడిగి మరీ చెప్పారు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లు. ప్రభుత్వ కచేరీలు గుడారాల్లో నడుస్తుంటే వాళ్ల నాయన అక్కడ కుండలతో నీళ్లు మోసేవాడట. గుడారాలు పెరికేశాక గుంజలు పాతిన గుంటల్లో తామంతా బిళ్లంగోడు ఆడుకున్నామని, ఆ గుంటల్లోంచే తనకు రాజధాని పోవడం అంటే ఏమిటో తెలిసిందని చెప్పారు. అప్పటిదాకా హైకోర్టు ఎక్కడ ఉండాలని అరుచుకున్న కుర్రవాళ్లు ఆయనను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. పాలకొండల_నీడ గారు చెప్పిన కట్టుబాటును నేను పూర్తిగా ఒప్పుకుంటాను; అయితే ఆయనలాగా, తన కథను చర్చలోకి తానే తెచ్చుకునే మనిషికి మాత్రం దారి తెరిచి ఉంచండి.

పెన్న_ఇసుక, తాడిపత్రి

చదువు కోసం రెండేళ్లు డెన్మార్క్‌లో ఉన్నాను. అక్కడి బోర్న్‌హోమ్ దీవిలో 2011 నుంచి ఏటా జూన్‌లో ప్రజల రాజకీయ సమావేశం జరుగుతుంది. ప్రవేశానికి రుసుము లేదు. స్వీడన్‌లోని విస్బీలో జరిగే వారోత్సవాన్ని చూసి వాళ్లు మొదలుపెట్టారు. విస్బీలో 1968లో, తరువాత స్వీడన్ ప్రధాని అయిన ఓలోఫ్ పాల్మే ఒక లారీ మీద నిలబడి చేసిన ప్రసంగంతో ఆ ఆనవాయితీ పుట్టింది. నాకు అక్కడ నచ్చినది, మంత్రి అయినా ఊరివాళ్లతో పాటు గడ్డి మీద నడిచి రావడం. మనం మొదట వేదిక ఎత్తు తగ్గించాలి.

మైకు గురించి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో మైకులూ వాయిద్యాలూ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పోలీసు అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్నికల నియమావళి అమలులో ఉండే రోజులు తగలకుండా తేదీ చూసుకోండి.

హంద్రీ_ఒడ్డు, కర్నూలు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మేము కూర్చొని మొత్తం కార్యక్రమాన్ని మార్చుకున్నాము. మొదటి సాయంత్రం పాటలు, కథలు మాత్రమే. రాత్రి తొమ్మిదిన్నరకు మైకు కట్టేస్తాము. కథలు వినేటప్పుడు ఫోన్లన్నీ గేటు దగ్గర బుట్టలో ఉంటాయి. రెండో ఉదయం చర్చ. దానికి ముందు సంబంధించిన కాగితాన్ని చదివి వినిపిస్తాము. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా వారి కథను ఎత్తిన వక్తను అక్కడికక్కడే ఆపే బాధ్యత అధ్యక్షులది. వేదిక ఒక్క అడుగు ఎత్తే ఉంటుంది. వాయిద్యకారులకు మంట వేసుకోవడానికి ఒక మూల స్థలం వదిలాము.

పాలకొండల_నీడ గారూ, మీ అమ్మగారు ఊరికే వినడానికైనా వస్తారేమో అడగగలరా? రావడానికీ ఉండడానికీ ఏర్పాటు మేము చూసుకుంటాము.

పాలకొండల_నీడ, కడప

అడిగాను. ఫోన్ల బుట్ట సంగతి రెండుసార్లు చెప్పించుకొని విన్నది. వస్తానన్నది. చెల్లెల్ని కూడా తీసుకొస్తామని, ముందు వరుసలో మాత్రం కూర్చోబెట్టవద్దని మీకు రాయమన్నది.